అందరి ఫోటోల్లో ఒకే తెల్ల చొక్కా

మొహం మీది మచ్చ తీసేయడానికి ఇప్పుడు మీకు వేలు కదిపినంత సేపు కూడా పట్టదు. ఆ పని నేర్చుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. మిర్యాలగూడలో ఒక స్టూడియో మేడ మీద చిన్న గది ఉండేది. గాజు బల్ల కింద బల్బు వెలిగించి, దాని మీద నెగెటివ్ పరిచి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో మొటిమలూ, మచ్చలూ, కళ్ల కింది గుంటలూ పూడ్చేదాన్ని. దాన్ని టచింగ్ అనేవాళ్లం. చెయ్యి కాస్త బరువుగా పడితే పెళ్లికూతురి చెంప మీద తెల్ల మరక తేలేది. ఇక ఆ పెళ్లివారితో మాట పడాల్సిందే.

మా ఆయన బస్సు కండక్టరు. ఆయనకు డిపో మారినప్పుడల్లా నాకు స్టూడియో మారేది. మిర్యాలగూడ తర్వాత కోదాడ, కోదాడ తర్వాత సూర్యాపేట. ఈలోపు నెగెటివ్‌లు పోయాయి, పెన్సిల్ పోయింది, చేతికి మౌస్ వచ్చింది. కెమెరా పట్టడమూ నేర్చుకున్నాను. ఆడవాళ్ల ఫోటోలకు ఆడమనిషి ఉంటే మంచిదని సూర్యాపేట సేటు నన్ను పనిలో పెట్టుకున్నాడు. రిటైరయ్యే దాకా అక్కడే చేశాను. రిటైర్ అనేది పెద్ద మాటే. కళ్లలో పొర వచ్చింది, ఇంట్లో కూర్చున్నాను, అంతే.

ఇప్పుడు ఫోటోల పనిలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి పాత సంగతులు చెప్పమంటారు. పెళ్లిళ్ల సంగతులు చెప్తే నవ్వుకుని పోతారు. ఈ సంగతి మాత్రం ఇంతవరకు ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఇది గోరంత ఫోటోల సంగతి.

నా పని చివరి ఏళ్లలో మా స్టూడియోలో కంప్యూటర్ చూసుకునే అతను కోదాడ నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. పెళ్లయి ఇద్దరు పిల్లలున్నా నన్ను ఆంటీ అనే పిలిచేవాడు, నేను తమ్ముడూ అనేదాన్ని. బస్సు మునగాలలో ఆగిపోయిందనీ, డ్రైవరు ధాబాలో టీకి దిగాడనీ ఆలస్యానికి రోజుకో కారణం చెప్పేవాడు. పనిలో మాత్రం చురుకే. ఒకే పనిని రెండోసారి చేయాల్సి వస్తే అతనికి ఒళ్లు మండేది. దాన్ని తప్పించే దారి ఎక్కడుందా అని వెతికేవాడు.

ఒక ఎండాకాలం మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లు నుంచి పని వచ్చింది. మిల్లు వాళ్లు మా సేటుకు చుట్టాలు. బస్తాలు మోసే హమాలీలందరికీ కార్డులు రావాలంటే ఆన్‌లైన్‌లో వాళ్ల ఫోటోలు ఎక్కించాలట. యాసంగి వడ్లు లారీల మీద లారీలు దిగుతున్న రోజులు. అంతమందిని స్టూడియోకు పంపితే మిల్లు ఆగిపోతుంది కాబట్టి నన్నే కెమెరాతో రమ్మన్నారు. పాత ఊరు కదా, నాకూ సంతోషంగానే అనిపించింది. నేను పనిచేసిన మేడ ఇంకా ఉందేమోనని ఆటో ఆపి మరీ చూశాను. దాని కింద సెల్‌ఫోన్ల దుకాణం పెట్టారు.

మిల్లు రేకుల షెడ్డులో బస్తాల వరుస ముందు లేత నీలం గుడ్డ కట్టించాను. వచ్చినవాళ్లందరికీ తల నుంచి కాలి దాకా దుమ్మే. ఊకా తవుడూ కనుబొమ్మల్లో, చెవుల్లో, మీసాల్లో పేరుకుపోయి ఉన్నాయి. సగం మందికి ఒంటి మీద బనియన్ తప్ప ఏమీ లేదు. మిల్లు గుమాస్తా చొక్కా ఉండాల్సిందే అన్నాడు. అప్పుడు వాళ్లే ఒక ఉపాయం చేశారు. ఎవరిదో ఒక తెల్ల చొక్కా తెప్పించి, అందరూ దాన్నే ఒకరి తర్వాత ఒకరు తొడుక్కున్నారు. ఒకరికి భుజాల దగ్గర బిగిసేది, ఇంకొకరికి మెడ చుట్టూ వేలాడేది. ఫోటో దిగినవాడు విప్పడం, దుమ్ము దులపడం, తర్వాతివాడికి తొడిగి గుండీలు పెట్టడం. ఈ దులిపి తొడిగే పనంతా వాళ్లలో ఒకతను తన మీద వేసుకుని గుడ్డ పక్కనే నిలబడ్డాడు.

ఆ షెడ్డుకు వెలుతురు పైకప్పులోని రెండు గాజు రేకుల్లోంచే వచ్చేది. మబ్బు అడ్డం వస్తే మొహాలు నల్లబడేవి. అందుకని నేను నలుగురైదుగురికి ఒకసారి ఆగి, పక్కనున్న మనిషిని ఒక ఫోటో తీసి వెలుతురు చూసుకునేదాన్ని. రీళ్ల కాలంలో దీనికి తిట్లు పడేవి. ఇప్పుడు డిజిటల్ కదా, ఎన్ని తీసినా ఎవరూ అడగరు. వాటిని ఎవరికీ ఇవ్వం, ఎవరికీ చూపం.

ఇక సైజుల గొడవ. కెమెరాలోంచి వచ్చిన ఫోటో గోడంత ప్రింటు తీసినా చెదరదు. ఆన్‌లైన్‌లో ఎక్కాలంటే గోరంత ఉండాలి, యాభై కేబీ దాటకూడదు. అంతకుముందు మేము ఒక్కొక్కటే తెరిచి, చిన్నది చేసి, దాచి, మూసేవాళ్లం. హమాలీల పని చూడగానే కోదాడ తమ్ముడు ఇంటర్నెట్‌లో వెతికి ఒక వెబ్‌సైట్ పట్టుకున్నాడు. కంప్యూటర్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ ఏదీ ఎక్కించక్కర్లేదు. ఫోటోలన్నీ ఈడ్చి ఆ పేజీలో పడేసి, ఎంత వెడల్పు, ఎంత ఎత్తు కావాలో చెప్తే చాలు. అన్నీ చిన్నవై ఒక మూటగా దిగుతాయి. అతను కుర్చీ వెనక్కి జరిపి, సినిమా చూపిస్తున్నట్టు నన్ను పిలిచి చూపించాడు. నిజం చెప్పొద్దూ, నాకు కడుపు మండింది. రెండేళ్లు చెక్కిన పెన్సిళ్లు గుర్తొచ్చాయి.

ఆ మంట త్వరలోనే చల్లారింది. వెడల్పుకూ ఎత్తుకూ మధ్య ఆ పేజీలో ఒక తాళం బొమ్మ ఉంటుంది. అది వేసి ఉంటే ఫోటో ఆకారం చెదరకుండా చిన్నదవుతుంది. మనవాడు గుమాస్తా చెప్పిన కొలతలు అచ్చంగా రావాలని తాళం తీసేశాడు. అందరి మొహాలూ అడ్డంగా సాగిపోయాయి. చూసుకోకుండా పంపేశాడు కూడా. గుమాస్తా ఫోన్ చేసి, తమ హమాలీలు ఒక్క పూటలో ఇంత ఒళ్లు చేశారంటే మీ స్టూడియోలో ఏం పెట్టారని అడిగాడు. సేటు నవ్వలేదు. నేను మాత్రం టీ గ్లాసు పక్కన పెట్టి మరీ నవ్వాను.

రెండోసారి జాగ్రత్తగా, తాళం వేసి చేశాడు. ఫోటోలు చక్కగా వచ్చాయి. గుమాస్తా కోరినట్టు ప్రతి ఫోటోకూ, మిల్లు ఆ హమాలీకి ఇచ్చిన బిల్ల మీది నంబరే పేరు. పెద్దదానికీ అదే పేరు, లావు మొహాలదానికీ అదే పేరు, కొత్తదానికీ అదే పేరు. చిక్కు అక్కడే వచ్చింది. కొత్త మూటను లావు మొహాల మీద విప్పి, వాటిని తుడిచేయాలని అతని ఉద్దేశం. తెర మీద రెండు ఫోల్డర్లు పక్కపక్కనే తెరిచి ఉన్నాయి. మూట విప్పింది మాత్రం కెమెరాలోంచి వచ్చిన అసలు ఫోటోల మీద. ఈ పేర్లతో ముందే ఫోటోలు ఉన్నాయి, వాటి స్థానంలో ఇవి పెట్టాలా అని కంప్యూటర్ మర్యాదగానే అడిగింది. అన్నిటికీ అవును అని నొక్కాడు. లావు మొహాలు భద్రంగా ఉండిపోయాయి, అసలువి పోయాయి. కెమెరా కార్డును అప్పటికే కోదాడలో ఒక పెళ్లి కోసం ఖాళీ చేసేశాం.

నేను అరిచాను. రీళ్ల కాలంలో ప్రింట్లు ఇచ్చేసినా నెగెటివ్‌లను కవర్లలో పెట్టి ఏళ్ల తరబడి దాచేవాళ్లమని చెప్పాను. అతను తల దించుకుని విన్నాడు. సేటు మాత్రం కంప్యూటర్ తేలికైందని సంతోషపడ్డాడు. పని అయిపోయింది, డబ్బులు వచ్చాయి, ఇగ ఆ పెద్దవి ఎవరడుగుతారు అన్నాడు. ఆ మాట నాకూ సబబుగానే తోచింది. హమాలీ ఫోటో గోడంత చేయమని ఎవరొస్తారులే అనుకుని ఊరుకున్నాను.

వానలు పోయాక, ఒక శుక్రవారం పొద్దున ఒకామె వచ్చింది. నిడమనూరు దగ్గరి పల్లె నుంచి బస్సులు మారి వచ్చానంది. నాట్లూ కోతలూ చేసే చేతులు, గోళ్లు అరిగిపోయి ఉన్నాయి. కొంగు ముడి విప్పి ప్లాస్టిక్ కార్డు ఒకటి నా ముందు పెట్టింది. మేము తీసిన ఫోటో ఉన్న హమాలీ కార్డే.

"అమ్మా, మా ఇంటాయన. లారీల బస్తాలు ఎక్కిచ్చుకుంట గుండెల నొప్పని కూసున్నడు. దవాఖానకు తీస్కపోయేలోపే అయిపోయిండు. ఆదివారం చర్చోళ్లు ఆయన పేరు మీద ఆదరణ కూడిక పెట్టిండ్రు. గీ ఫోటో పెద్దగ చెయ్యాలె. మిల్లుల అడిగితే మీ స్టూడియో పేరు చెప్పిండ్రు."

ఇంకో ఫోటో ఏదైనా ఉందా అని అడిగాను. చర్చిలో పెళ్లయిననాటిది ఒకటి ఉందట. అందులో ఆయన ఇరవై ఏళ్లవాడు, సన్నగా ఉంటాడట. అది చూపిస్తే చిన్నబిడ్డ, ఈయన నాయిన కాదంటోందట. చిన్న ఫోన్ తప్ప ఆయన ఇంకో ఫోన్ వాడనేలేదు. కూడిక రోజు అందరి ముందు పెట్టడానికీ, ఆ తర్వాత ఇంట్లో ఉంచుకోవడానికీ బిడ్డలు గుర్తుపట్టే మొహం కావాలి. ఆమె అంతదూరం వచ్చింది అందుకే.

తమ్ముడు కార్డు అందుకున్నాడు. కార్డు మీది బిల్ల నంబరు కొట్టి ఫోటో తెరిచాడు. గోరంత బొమ్మ. దాన్ని పెంచిన కొద్దీ కళ్లు గళ్లయ్యాయి, మీసం గళ్లయింది. ఆమె వెనక నిలబడి అంతా చూస్తోంది. అతను ఆమె వైపు తిరగలేక, నాకు మాత్రమే వినపడేట్టు అన్నాడు.

"అసలువి ఉండుంటే ఈపాటికి ప్రింటు చేతిలో పెట్టేవాళ్లం ఆంటీ. నేనే పోగొట్టాను."

అతనే ఇంకో వెబ్‌సైట్ తెరిచాడు. చిన్న ఫోటో ఇస్తే పెద్దది చేసి, మొహం స్పష్టంగా తీర్చి ఇచ్చేది. కాసేపటికి మొహం తేలింది. నున్నటి చెంపలు, మెరిసే కళ్లు, దువ్వినట్టున్న మీసం. సినిమాలో చిన్న వేషం వేసేవాడిలా ఉన్నాడు. ఆమె చాలాసేపు చూసింది.

"మంచిగనే ఉన్నడు. కని ఎవలో," అంది.

ఎడమ కనుబొమ్మ మధ్యలో బస్తాల కొక్కెం తగిలిన గీత ఉండేదట, అది లేదు. కింది పెదవి కొద్దిగా ఒక పక్కకు ఉండేదట, అది తిన్నగా అయిపోయింది. నేను గీత పెట్టి చూపించాను. పెదవి జరిపాను. ఆమె చెప్పినట్టల్లా మార్చాను. మార్చిన కొద్దీ ఆయన దూరం జరిగిపోయాడు. ఎన్ని వేల మొహాలు దిద్దానో, ఆ ఒక్క మొహం నా చేతికి రాలేదు. నా పని మీద నాకున్న గర్వమంతా ఆ పూట దిగిపోయింది.

ఆమె కార్డు తీసుకుని మళ్లీ కొంగుకు ముడి వేసుకుంది. మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. పెళ్లినాటి ఫోటోనే పెట్టుకుంటాంలే అంటూ లేచి, గడప దగ్గర ఆగింది.

"గీ ఫోటోల అంగీ గూడ ఆయనది కాదమ్మా. ఫోటో దిగిన నాడు ఇంటికొచ్చి ఒకటే నవ్వుడు. ఇయ్యాల మిల్లుల అందర్ని పెండ్లికొడుకులను చేసిన, ఒక్కొక్కనికి గుండీలు పెట్టి నిలబెట్టిన అన్నడు."

నాకు అప్పుడు వెలిగింది. తెల్ల చొక్కాలో బిగుసుకుని నిలబడ్డ ఫోటో చూస్తే నాకు ఆ మనిషి గుర్తే రాలేదు, ఎందుకంటే కెమెరా ముందు అందరూ ఒకేలా బిగుసుకున్నారు. గుడ్డ పక్కన నిలబడి చొక్కా దులిపిన మనిషి మాత్రం నాకు బాగా గుర్తు. నేను వెలుతురు చూసుకున్నప్పుడల్లా పక్కన ఉన్నది అతనే.

ఆమెను కూర్చోమని, వెలుతురు ఫోటోలు ఏమయ్యాయని తమ్ముణ్ని అడిగాను. వాటికి బిల్ల నంబర్లు లేవు కాబట్టి, పేర్లు పెట్టేటప్పుడే వాటిని పక్కకు తోసేశానన్నాడు. ఎక్కడికి తోశావంటే, చెత్త అనే ఫోల్డర్‌లోకి అన్నాడు. ఆ చెత్త తీసెయ్యమని సేటు ప్రతి శనివారం చెప్పేవాడు. ఇతను ప్రతి శనివారం తీసేశానని చెప్పేవాడు. ఏ శనివారమూ తీయలేదు.

మంచి ఫోటోలన్నీ వెబ్‌సైట్‌కు పోయి, గోరంతై వచ్చి, అసలువాటిని మింగేశాయి. పనికిరావని పక్కన పడేసినవి ఎక్కడికీ పోలేదు. ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి కెమెరాలోంచి వచ్చినంత పెద్దగా అట్లాగే ఉన్నాయి. అతను ఒక్కొక్కటే తెరుస్తుంటే నేను కుర్చీ పట్టుకుని నిలబడ్డాను. ఒకటి మసక. ఒకదాంట్లో భుజమే ఉంది. ఒకదాంట్లో ఆయన తల తిప్పుకున్నాడు. ఆ తర్వాతిది తెరుచుకుంది.

బనియన్ మీద ఉన్నాడు. నెత్తికి తుండుగుడ్డ. చొక్కాను రెండు భుజాల దగ్గర పట్టుకుని, తర్వాత రాబోయేవాడి కోసం ఎత్తి, నా వైపు తిరిగి నవ్వుతున్నాడు. ఆ నవ్వు ఎందుకో నాకు తెలుసు. వెలుతురు చూసుకుంటాను, జర గక్కడనే ఉండన్నా అని నేనంటే, నా మొహంల ఏం వెలుతురుంటదమ్మా, అంతా దుమ్మే కద అన్నాడు. సరిగ్గా అప్పుడు నొక్కాను. కనుబొమ్మలో కొక్కెం గీత కూడా కనిపిస్తోంది.

ఆమె వచ్చి తెర దగ్గరగా వంగింది. వేలు చాపి, తాకకుండా ఆపేసింది.

"గీయన," అంది. బెంచీ మీద కూర్చుని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తమ్ముడు బయటికి వెళ్లాడు. మంచినీళ్లు తెస్తానన్నాడు గానీ, నీళ్ల కుండ లోపలే ఉంది. నాకూ కళ్లు నిండాయి. సేటు గల్లాపెట్టె దగ్గర నుంచి లేచి వచ్చి, ఫ్రేము పెద్దది పెట్టమని చెప్పి మళ్లీ వెళ్లి కూర్చున్నాడు. ఆ తర్వాత ఏ శనివారమూ చెత్త మాట ఎత్తలేదు.

చుట్టాల ఫోన్లకు పంపడానికి చిన్నది కూడా ఒకటి కావాలంది. తమ్ముడు మళ్లీ ఆ వెబ్‌సైటే తెరిచాడు. తాళం వేసి ఉందో లేదో చూశాడు. చిన్నది దిగాక దానికి వేరే పేరు పెట్టి, వేరే చోట దాచి, అసలుది అక్కడే ఉందా అని తెరిచి చూశాడు. రెండోసారి చేయడమంటే ఒళ్లు మండే మనిషి ఆ రోజు దాన్ని మూడు చోట్ల దాచాడు. మీరూ అట్లా చేయండి అని నీతి చెప్పడానికి కాదు నేను ఇదంతా చెప్తున్నది. చేస్తే మాత్రం మంచిదే.

ఇక పెద్ద ప్రింటు తీయాలి. నేను కుర్చీలో కూర్చుని ఫోటోను దగ్గరికి లాగాను. కనుబొమ్మల మీద, మీసం మీద, చెవి తమ్మెల మీద తవుడు తెల్లగా పేరుకుని ఉంది. నా చెయ్యి దానంతటదే టచింగ్ మీదికి పోయింది. ఆదివారం పదిమందిలో పెట్టే ఫోటో కదా, మొహం శుభ్రంగా ఉండాలి కదా. ఒక కనుబొమ్మ మీద మొదలుపెట్టాను. అది నల్లగా తేలుతోంది. ఆమె బెంచీ మీద నుంచి లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసింది.

"అమ్మా, గా తవుడు తుడువకుండ్రి. దినాం గట్లనే ఇంటికొచ్చేటోడు. వాకిట్ల నేను తానానికి నీళ్లు పెడితే గప్పుడు కడుక్కునేటోడు."

తుడిచినంత మేరా వెనక్కి తెచ్చాను. పెన్సిల్ పట్టిన రోజు నుంచి నా ముందు కూర్చున్న ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి తీసేయమనే అడిగారు. ఏదీ తీయొద్దని అడిగింది ఆమె ఒక్కతే. మౌస్ మీది నుంచి చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

"ఉన్నదున్నట్టు ప్రింటు తియ్యి తమ్మీ," అన్నాను.